వెతికిన చేతికి కూలి

మన దగ్గర మెకానిక్‌కి డబ్బులిచ్చేటప్పుడు కళ్ళు పాత సామాను మీద ఉంటాయి. విప్పిన పార్టు చేతిలో పెట్టి "ఇదీ మార్చింది" అంటే బిల్లు మీద పెద్దగా పేచీ ఉండదు. "పూటంతా వెతికాను, ఒక గొట్టం మార్చాను" అంటే మాత్రం గొట్టం ధర ఎంతో అడిగి, ఆపైన ఇచ్చేదంతా దండగ అనుకుంటాం. ఈ అలవాటు మంచి పనివాళ్ళను ఎటు నెడుతోందో మాట్టుతావణిలో ఒక షెడ్డులో కూర్చుని చూశాను. ఈ వారం దాని గురించే రాస్తున్నాను.

మాట్టుతావణి అంటే మదురై వచ్చిపోయేవాళ్ళకి బస్టాండు. 1999లో పెద్ద బస్టాండు ఇక్కడికి రావడంతో బండ్ల పని కూడా వెంట వచ్చింది. మేలూరు రోడ్డు మీదా లోపలి సందుల్లోనూ టైర్ల కొట్లు, రేడియేటర్ పనివాళ్ళు, లేత్ మిషన్లు, ఆటో ఎలక్ట్రీషియన్లు. దగ్గర్లోనే పూల మార్కెట్టు ఉంది కాబట్టి తెల్లవారుజామున మల్లెల వాసన, పొద్దెక్కితే డీజిల్ వాసన. నాయకరాజుల కాలంలో వచ్చి ఈ ప్రాంతంలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు కొందరు ఈ షెడ్లలో పని నేర్చుకున్నారు. ఇంట్లో తెలుగు, గిరాకీతో తమిళం, స్కానర్ తెర మీద ఇంగ్లీషు. నా కారు చూసిన తమ్ముడు అలాంటివాడే.

కారు సంగతి చెప్పాలి. పదేళ్ళు దాటిన రెండు తలుపుల స్పోర్ట్స్ కారు, టర్బో పెట్రోల్ ఇంజిను. అళగర్‌కోయిల్ రోడ్డు మీద పొద్దున్నే నడుపుతుంటే మనసు తేలికపడుతుంది, అందుకే అమ్మలేదు. దానికి చెక్ ఇంజిన్ లైటు పట్టుకుంది. బాగా పేరున్న ఒక సర్వీసు సెంటరులో ఆక్సిజన్ సెన్సారు మార్చారు, లైటు ఆరింది. కొన్నాళ్ళకి మళ్ళీ వెలిగింది. ఈసారి సైలెన్సరు దారిలో ఉండే కెటలిటిక్ కన్వర్టర్ మార్చాలన్నారు. దాని ధర వింటే సెకండ్ హ్యాండులో ఇంకో చిన్న కారు వచ్చేలా ఉంది. ఇంతకీ కారు బాగానే నడుస్తోంది. ఐడిల్‌లో కాస్త ఒణుకు తప్ప మరే ఇబ్బందీ లేదు.

ఆ లైటు ఏం చెబుతుందో, ఏం చెప్పదో ముందు తెలియాలి. అమెరికాలో 1996 నుంచి ప్రతి కొత్త కారుకూ ఓబీడీ-2 అనే స్వయం పరీక్షా పద్ధతి తప్పనిసరి చేశారు. మన దేశంలో కార్లకు అది 2013లో వచ్చింది. స్టీరింగ్ కింద పదహారు పిన్నుల సాకెట్టు ఉంటుంది, స్కానర్ తగిలిస్తే ఇంజిన్ కంప్యూటర్ ఒక కోడ్ ఇస్తుంది. నా కారు ఇచ్చింది పి0171. ఇంజిన్‌లోకి పోతున్న గాలికి తగినంత పెట్రోల్ అందడం లేదని దానర్థం. అంతవరకే. ఒళ్ళు వెచ్చబడిందని థర్మామీటరు చెబుతుంది గానీ, మలేరియానో టైఫాయిడో చెప్పదు కదా. గాలి ఎక్కువై ఉండొచ్చు, పెట్రోల్ తక్కువై ఉండొచ్చు, గాలిని కొలిచే సెన్సారుకి మురికి పట్టి ఉండొచ్చు, పంపు నీరసించి ఉండొచ్చు, ఇంజెక్టర్ మూసుకుపోయి ఉండొచ్చు. ఆక్సిజన్ సెన్సారు ఈ సంగతి చూసి చెప్పిన సాక్షి. మొదట మార్చింది దాన్నే.

మరి సెన్సారు మార్చగానే లైటు ఎందుకు ఆరింది? చాలామంది ఇక్కడే మోసపోతున్నారు. పార్టు మార్చాక స్కానర్‌తో కోడ్ చెరిపేస్తారు. చెరపడంతో ఇంజిన్ కంప్యూటర్ అంతవరకూ నేర్చుకున్న లెక్కలూ పోతాయి. అది మళ్ళీ మొదటినుంచి గమనించి, తేడా పెరిగిపోయి, వరుసగా రెండు ప్రయాణాల్లో అదే తప్పు కనిపిస్తే గానీ ఇలాంటి కోడ్‌కి లైటు వేయదు. ఆ మధ్య వచ్చే ప్రశాంతతను కొత్త పార్టు ఖాతాలో వేసేస్తాం. ఆరింది చెరపడం వల్ల. లోపం ఉన్నచోటే ఉంది.

మాట్టుతావణి తమ్ముడు కోడ్ చెరపలేదు. ముందు ఒక పాత నోట్‌బుక్కు తీసి ఫ్రీజ్ ఫ్రేమ్ రాసుకున్నాడు. కోడ్ పడిన క్షణంలో ఇంజిను పరిస్థితి ఎలా ఉందో కంప్యూటర్ దాచిపెట్టే లెక్క అది. కోడ్ చెరిపితే అదీ పోతుంది. అందులో ఉన్నది: కూలెంట్ వేడి 98 డిగ్రీలు, బండి వేగం సున్నా, ఇంజిను ఐడిల్‌లో. అంటే సిగ్నల్ దగ్గర, బాగా వేడెక్కి నిలబడి ఉన్నప్పుడు పడిన కోడ్. "అన్నా, ఈ బండిని చల్లగా ఉన్నప్పుడు చూస్తే ఏమీ దొరకదు. వేడి మీదనే చూడాల" అన్నాడు. సర్వీసు సెంటరులో రాత్రి వదిలిన కారును పొద్దున చల్లగా ఉన్నప్పుడు చూశారని నాకు అప్పుడు గుర్తొచ్చింది.

తర్వాత ఫ్యూయల్ ట్రిమ్ చూశాడు. ఈ అంకె మీద కారు ప్రేమికులందరికీ శ్రద్ధ ఉండాలని నా కోరిక. మామూలు పెట్రోల్ పూర్తిగా మండాలంటే బరువులో ఒక పాలు పెట్రోల్‌కి 14.7 పాళ్ళ గాలి కావాలి. ఆ పాళ్ళు తప్పుతున్నాయని ఆక్సిజన్ సెన్సారు చెబితే కంప్యూటర్ పెట్రోల్ పెంచుతుంది, లేదా తగ్గిస్తుంది. ఎంత శాతం పెంచింది, తగ్గించింది అన్నదే ట్రిమ్. సున్నాకి అటూ ఇటూ అయిదు లోపు ఉంటే ఆరోగ్యం. నా కారులో వేడి ఐడిల్ మీద ప్లస్ 24 చూపించింది. ఆక్సిలరేటర్ తొక్కి 2500 ఆర్‌పీఎంలో నిలబెడితే 7కి దిగింది.

ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టగానే సగం పని అయిపోయింది. పంపు బలహీనమైతే తొక్కేకొద్దీ కొరత పెరగాలి. ఇక్కడ తగ్గుతోంది. ఐడిల్‌లో ఇంజిను పీల్చేది కొద్ది గాలి, అందులో దొంగదారిన దూరే గాలి పెద్ద వాటా అవుతుంది. తొక్కినప్పుడు పీల్చే గాలి ఎన్నో రెట్లు పెరుగుతుంది, దొంగగాలి లెక్కలోకి రాదు. "గాలి యాడ్నో దూరతా ఉండాది అన్నా. సెన్సారు అబద్ధం చెప్పలే" అన్నాడు. ఆ మాటతో లక్షల కన్వర్టర్ కథ ముగిసింది. అప్పటికి ఒక్క స్పానరు కూడా బయటికి తీయలేదు.

దొంగదారి పట్టుకోవడానికి పొగ పెట్టాడు. పొగ మిషను అతను సొంతంగా చేసుకున్నదే. పెయింట్ డబ్బా, లోపల వేడెక్కే కాయిలు, కొంచెం బేబీ ఆయిలు, చిన్న కంప్రెసరు. ఎయిర్ ఫిల్టర్ దగ్గర మూతిని స్కూటర్ ట్యూబు ముక్కతో కట్టి, క్లాంపు వేసి, చాలా తక్కువ ఒత్తిడితో పొగ లోపలికి వదిలాడు. ఒత్తిడి పెంచితే సీళ్ళు పాడవుతాయి, అందుకే గేజి మీంచి కన్ను తీయలేదు. ఇంజిను చల్లగా ఉండగా ముందు ఒకసారి పెడితే ఎక్కడా పొగ రాలేదు. తర్వాత ఫ్యాను రెండుసార్లు తిరిగేదాకా ఇంజిన్ని వేడెక్కించి, ఆపి, మళ్ళీ పెట్టాడు. టార్చి పట్టుకుని వంగి చూస్తే, ఇన్‌టేక్ మానిఫోల్డ్ వెనక, చెయ్యి కూడా సరిగా దూరని చోట, సన్నటి తెల్లటి పొగ దారంలా పైకి లేస్తోంది. ఇంజిన్ లోపలి ఆవిరిని మళ్ళీ గాలిదారిలోకి పంపే బ్రీదర్ గొట్టం అది. మడతల మధ్య వెంట్రుకంత చీలిక. చల్లగా ఉన్నప్పుడు మూసుకుపోతుంది, వేడికి ప్లాస్టిక్ మెత్తబడి విచ్చుకుంటుంది. గొట్టాన్ని విప్పి నా చేతిలో పెట్టి, రెండు కొసలు వంచి చూపించాడు. వంచితే తప్ప కంటికి కనిపించలేదు.

కొత్త గొట్టం వేశాక వేడి ఐడిల్‌లో ట్రిమ్ ప్లస్ 4. పని అయిపోయిందని నేను లేచాను గానీ అతను లేవలేదు. ఆ నాలుగు ఎందుకు మిగిలిందో చెప్పి గానీ వదల్లేదు. దానికి కారణం బంకులో పోసే పెట్రోల్. 2025 నాటికి దేశంలో పెట్రోల్‌లో ఇథనాల్ 20 శాతానికి చేరింది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటుంది, కాబట్టి ఒక పాలు ఇంధనానికి 14.7 బదులు దాదాపు 13.5 పాళ్ళ గాలి చాలు. అంటే అంతే గాలికి ఇంధనం ఎక్కువ పోయాలి. పదేళ్ళ నాటి కారు కంప్యూటర్ ఆ ఎక్కువనంతా ట్రిమ్‌లో వేసుకుంటుంది. గొట్టం చీలిక బహుశా చాలాకాలంగానే ఉండి ఉంటుంది. ఇంతకుముందు లైటు వెలిగే గీత లోపల ఉన్న లెక్కను పెట్రోల్ మార్పు ఆ గీత దాటించింది. ఈ రెండో కారణం ఏ సర్వీసు సెంటరులోనూ నాకు ఎవరూ చెప్పలేదు. పాత టర్బో కార్లు ఉన్నవాళ్ళకి ఇది తప్పక తెలియాల్సిన విషయం.

ఈ ఓపిక ఈ నేలకి కొత్త కాదు. మదురైలో టీవీఎస్ వాళ్ళ తొలినాటి బస్సుల గురించి ఇప్పటికీ ఒక మాట చెప్పుకుంటారు. ఎద్దుల నాడాల మేకులు రోడ్డు మీద పడి టైర్లు పంక్చరయ్యేవట. టైర్లు మార్చుకుంటూ పోకుండా, అయస్కాంతం కట్టిన బండితో రోడ్డు మీద మేకులు ఏరించారట. కారణం దాకా వెళ్ళే బుద్ధికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

కోయంబత్తూరు తెలుగువాళ్ళలో ఈ బుద్ధికి జి.డి. నాయుడు పెద్ద దిక్కు. 1893లో కలంగల్ అనే పల్లెలో పుట్టాడు. ఒక దొర నడుపుకుంటూ వచ్చిన రడ్జ్ మోటార్ సైకిల్ చూసి మనసు పారేసుకుని, కోయంబత్తూరు హోటల్లో వడ్డన పని చేసి కూడబెట్టి, 300 రూపాయలకు అదే బండి కొన్నాడు. కొన్నాక దాన్ని పూర్తిగా విప్పి మళ్ళీ బిగించి మెకానిక్ అయ్యాడు. 1920లో ఒక బస్సుతో పొళ్ళాచ్చి, పళని మధ్య మొదలుపెట్టిన సర్వీసు తర్వాత యూఎంఎస్ పేరుతో వందల బస్సులకు పెరిగింది. 1945లో ఆర్థర్ హోప్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ పెట్టినప్పుడు ప్రిన్సిపాల్‌గా కూర్చుని, నాలుగేళ్ళ చదువు అక్కర్లేదు, చేతిపని గట్టిగా నేర్పితే రెండేళ్ళు చాలని వాదించాడు. ఆ వాదన నెగ్గలేదు. షెడ్లలో నేర్చుకున్న పిల్లల్ని చూసినప్పుడు అందులో చాలా న్యాయం ఉందనిపిస్తుంది.

అదే కోయంబత్తూరులో లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్ మారుతి 800 ఇంజిన్లతో రేసు కార్లు కట్టించాడు. ఫార్ములా మారుతి అంటే అవే. 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. 2003లో చెట్టిపాళయంలో తెరిచిన రేసు ట్రాకుకు ఆయన పేరే పెట్టారు. ఫార్ములా మారుతితో మొదలుపెట్టిన కోయంబత్తూరు కుర్రాడు నరైన్ కార్తికేయన్ 2005లో జోర్డాన్ జట్టుతో ఫార్ములా వన్‌లోకి వెళ్ళిన తొలి భారతీయుడయ్యాడు. రేసులో ఊహకి తావు లేదు. ఒక మార్పు చేసి, పరుగు తీయించి, కొలిచి, అప్పుడు రెండోది. ఆ క్రమశిక్షణే ఒక బ్రీదర్ గొట్టం దగ్గర నాకు కనిపించింది.

ఆ తమ్ముడి దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది "కోడ్ ఏముందో చూసి చెరిపెయ్యి" అంటారట. వెతకడానికి కూలి అడిగితే పక్క షెడ్డుకి పోతారట. పక్క షెడ్డులో ఏదో ఒక పార్టు మారుస్తారు, ఆ పార్టు మీద కమిషను ఉంటుంది, గిరాకీ సంతోషంగా డబ్బులిస్తాడు. తెలిసిన పనివాడు కూడా చివరికి ఆ దారే పడితే తప్పు అతనిది కాదు. అతని తెలివికి మనం ఇచ్చే ధర సున్నా అయినప్పుడు, ఇంట్లో పొయ్యి వెలగడానికి పార్టులే అమ్మాలి. మంచి మెకానిక్కులు దొరకడం లేదని వాపోయే మనమే వాళ్ళని పార్టుల వ్యాపారులుగా మారుస్తున్నాం.

కారున్నవాళ్ళకి నా మనవి. లైటు నిలకడగా వెలిగితే కంగారుపడకండి, అలాగని నెలలు దాటించకండి. అదే లైటు మిణుకుమిణుకుమంటే మాత్రం కాలు తీసి బండి పక్కన ఆపండి. ఇంజిను మిస్సవుతోందని, మండని పెట్రోల్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని కాల్చేస్తోందని దానర్థం. లైటు ఎప్పుడు వెలిగిందో, ఇంజిను వేడిగా ఉందా చల్లగా ఉందా, ఆ ముందు పెట్రోల్ ఎక్కడ పోయించారో ఒక కాగితం మీద రాసి మెకానిక్‌కి ఇవ్వండి. ఫ్రీజ్ ఫ్రేమ్ రాసుకోకుండా కోడ్ చెరపనివ్వకండి. బండి అప్పజెప్పే ముందే వెతికే కూలి గంటకి ఎంతో అడగండి. పార్టు ఏదీ మారకపోయినా ఆ కూలి బేరం లేకుండా ఇవ్వండి.