‘అగైన్‌స్ట్ ది రోప్స్’: గెలుపు ఎవరిది?

పురుషుల రాజ్యంగా చెలామణీ అయ్యే రంగంలో ఒక స్త్రీ గెలిచిందంటే మనకు సంతోషం కలుగుతుంది. కలగాలి కూడా. అయితే విమర్శ ఆ సంతోషం దగ్గరే ఆగిపోకూడదు. ఆ రంగంలో శ్రమ ఎవరిది, లాభం ఎవరిది అని అడగాలి. 2004లో వచ్చిన అమెరికన్ చిత్రం ‘అగైన్‌స్ట్ ది రోప్స్’ ఈ ప్రశ్న గుమ్మం దాకా వచ్చి వెనుదిరుగుతుంది.

చిత్రానికి ప్రేరణ జాకీ కాలెన్ జీవితం. డెట్రాయిట్ ప్రాంతంలో పత్రికా రచయిత్రిగా మొదలుపెట్టిన ఆమె, బాక్సర్ థామస్ హెర్న్స్ పరిచయంతో క్రాంక్ జిమ్ ప్రచార బాధ్యతల్లోకి వచ్చింది. ఏళ్ళ తరబడి ఆ వ్యాపారపు లోగుట్టు నేర్చుకున్నాకనే మేనేజరయింది. 1991 మే 10న ఆమె బాక్సర్ జేమ్స్ టోనీ, మైకేల్ నన్‌ను పదకొండో రౌండులో ఓడించి ఐ.బి.ఎఫ్. మిడిల్‌వెయిట్ ఛాంపియనయ్యాడు.

చిత్రంలో ఈ సుదీర్ఘమైన చదువు కనిపించదు. మెగ్ రయన్ నటించిన జాకీకి తెగింపు ఉంటే చాలన్నట్టు కథ నడుస్తుంది. కష్టపడి సంపాదించిన నైపుణ్యాన్ని పుట్టుకతో వచ్చిన చొరవగా చూపడం స్త్రీకి గౌరవం కాదు.

చిత్రానికి కీలకమైన దృశ్యం ఒకటుంది. జాకీని ఎగతాళి చేస్తూ ఒక ప్రమోటరు ఒక బాక్సర్ కాంట్రాక్టును ఆమెకు ఒక్క డాలరుకు అమ్ముతాడు. దర్శకుడు చార్లెస్ డటన్ దృష్టంతా ఆమెకు జరిగిన అవమానం మీదే. కాని ఆ కాగితం మీద ఉన్నది ఒక మనిషి పేరు. అతని వెల డాలరా అని ఎవరూ అడగరు. అవమానించినవాడికీ, అవమానం పొందినదానికీ మధ్య బాక్సర్ సరకుగానే మిగిలిపోయాడు.

తరువాత ఆమె తీర్చిదిద్దిన లూథర్ షా విషయంలో చిత్రం కాస్త నిజం పలుకుతుంది. కెమెరాలన్నీ జాకీ వైపు తిరిగేసరికి, దెబ్బలు తిన్న లూథర్ పక్కకు నెట్టబడతాడు. ఒమర్ ఎప్స్ ఆ నొప్పిని నిగ్రహంగా నటించాడు. చిత్రంలోకెల్లా మంచి భాగం ఇదే. అయితే రచయిత్రి దీన్ని జాకీ అహంకారంగా చూపి, పశ్చాత్తాపంతో సరిపెట్టింది.

లోపం ఒక మనిషి గుణంలో లేదు, సంబంధంలో ఉంది. బాక్సర్ సంపాదనలో మూడోవంతు దాకా మేనేజరు వాటాగా పోవడం ఆ రంగంలో ఆనవాయితీ. మేనేజరూ ప్రమోటరూ కుమ్మక్కయి బాక్సర్‌ను దోచుకోకుండా 2000లో అమెరికా ‘మహమ్మద్ అలీ చట్టం’ చేయవలసి వచ్చింది. వ్యక్తుల మంచితనం చాలదని చట్టమే ఒప్పుకుంది. చిత్రం మాత్రం ఒప్పుకోదు.

జాకీ గుమాస్తాగానే ఉండిపోవలసిందని మన వాదం కాదు. ఆమెను చూసి నవ్వినవాళ్ళు కాపాడుకున్నది తమ వాటానే గాని బాక్సర్‌ను కాదు. 2024లో కాలెన్‌కు అంతర్జాతీయ బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కడం న్యాయమే. కాని యజమాని కుర్చీలో పురుషుడికి బదులు స్త్రీ కూర్చున్నంత మాత్రాన ఆ కుర్చీ స్వభావం మారదు.

చివరి దృశ్యంలో హాలంతా లేచి జాకీకి చప్పట్లు కొడుతుంది. ఆ రాత్రి ఒళ్ళు హూనం చేసుకున్నవాడు లూథర్. ఆ చప్పట్లలో అతని వాటా ఎంతో చెప్పగలిగితే ఇది గొప్ప చిత్రమయ్యేది.