ఎవరి బాకీ?

'బాకీ' అన్న మాట మాకు రెండు భాషల్లోనూ ఉంది. ఉర్దూలో అది ఇంకా మిగిలి ఉన్నది. తెలుగులో తీర్చవలసిన అప్పు. నకుల్ సింగ్ సాహ్నీ 2015లో తీసిన 'ముజఫర్‌నగర్ బాకీ హై' డాక్యుమెంటరీని మేం ఈ రెండు అర్థాల్లోనూ చూడవలసి వస్తోంది.

2013 సెప్టెంబరులో పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్, షామ్లీ ప్రాంతాల్లో జరిగిన హింసలో 60 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది ముస్లింలు. వేలాదిమంది ఊళ్లు వదిలిపోయారు. మతకలహం అనగానే శిబిరంలో ఏడ్చే బుర్ఖాను చూపించి ఊరుకోవడం అలవాటైన పని. ఈ సినిమా అక్కడ ఆగదు. చెరకు పొలాల్లోకి వెళుతుంది. భారతీయ కిసాన్ యూనియన్ జెండా కింద ఒక్కటిగా కూర్చున్న జాట్, ముస్లిం రైతులు ఎలా విడిపోయారని అడుగుతుంది. కోడళ్లనూ కూతుళ్లనూ కాపాడాలన్న నినాదం చాటున ఆడవాళ్ల మీద పెత్తనం ఎవరిదని నిలదీస్తుంది. మమ్మల్ని బాధితులుగానే కాక రైతులుగా, కూలీలుగా చూడటమే దీని బలం.

2015 ఆగస్టు 1న ఢిల్లీ కిరోరీ మల్ కాలేజీలో ఈ సినిమా ప్రదర్శనను ఏబీవీపీ అడ్డుకుంది. దాన్ని నిరసిస్తూ హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ముందుకొచ్చింది అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్. అక్కడి ఏబీవీపీ నాయకుడు తనను కొట్టారని ఫిర్యాదు చేశాడు. వీళ్లు కాదన్నారు. చివరికి ఐదుగురిని హాస్టల్ నుంచి వెళ్లగొట్టారు. వాళ్లు క్యాంపస్‌లోనే 'వెలివాడ' వేసుకున్నారు. 2016 జనవరి 17న ఆ ఐదుగురిలో ఒకడైన రోహిత్ వేముల ప్రాణం తీసుకున్నాడు.

రోహిత్ కథను సస్పెన్షన్ దగ్గర మొదలుపెడితే సగమే చెప్పినట్టు. ఆ పిల్లలు ఆ రోజు నిలబడింది తమ ఫెలోషిప్పుల కోసం కాదు. ఎక్కడో ఉన్న ముజఫర్‌నగర్ ముస్లింల గోడు జనం చూడాలని. కారంచేడు (1985), చుండూరు (1991) రగిలించిన దళిత సాహిత్యం పక్కనే తెలుగులో ముస్లింవాదం గొంతు విప్పింది. ఆ బంధం పుస్తకాల్లో ఉంటే చాలదని ఈ విద్యార్థులు చూపించారు.

మా జమాతులనూ, మా విద్యార్థి సంఘాలనూ మేం అడిగేది ఇదే. ఉర్దూ కోసం, వక్ఫ్ కోసం బయటికి వచ్చే కాళ్లు దళితవాడ మీద దాడి జరిగినప్పుడు అటు నడుస్తాయా? స్కాలర్‌షిప్ ఆగిన దళిత విద్యార్థి కోసం మా పిల్లలు ధర్నాలో కూర్చుంటారా? సంతాప సభల్లో షేర్లు చదివితే ఈ బాకీ తీరదు. రేపు ఇంకో వెలివాడ వెలిస్తే, శవం లేవక ముందే మా పిల్లలు ఆ టెంటులో ఉండాలి.