పంపు విప్పేది ఆఖర్న

2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ తుపాన్లు ఉత్తరాంధ్ర తోటలను నేలకు పడేశాయి. పడిన చెట్టు కొమ్మలను గొడ్డలితో కొట్టేయొచ్చు గానీ మొద్దు అంత తేలిగ్గా లొంగదు. నార మెలితిరిగిన ముదురు మామిడి మొద్దుకు ఇనప మేకు, సమ్మెట పట్టినా పూట గడిచిపోతుంది. అలాంటి మొద్దును ఆయిలు ఒత్తిడితో చీల్చే యంత్రాన్ని వెల్డింగు షాపులోనే కట్టించుకోవచ్చు. ముఖ్యంగా కావాల్సినవి ఒక దూలం, జాకీ, ఇంజను, పంపు, లీవరు వాల్వు, ట్యాంకు. అది మొరాయించినప్పుడు లోపం ఎక్కడుందో పట్టడమే అసలు విద్య.

ఆ విద్యకు చీపురుపల్లి వంటి ఉత్తరాంధ్ర ఊళ్లలో బడి, ట్రాక్టరు మెకానిక్కు షెడ్డే. చుట్టూ మాంగనీసు గనులు, పక్కనే గరివిడిలో ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం. బరువులెత్తే యంత్రాలు ఇక్కడివాళ్లకు కొత్త కాదు. టిప్పరు తొట్టిని లేపే జాకీ, మొద్దును చీల్చే జాకీ ఒకే సూత్రంమీద నడుస్తాయి.

బలం ఒత్తిడి వల్ల వస్తుంది, వేగం ఆయిలు పారకం వల్ల వస్తుంది. 100 మి.మీ. లోవ్యాసమున్న జాకీకి చదరపు సెంటీమీటరుకు 150 కిలోల ఒత్తిడి అందితే సుమారు 11.8 టన్నుల తోపు పుడుతుంది. నిమిషానికి 30 లీటర్లు తోడే పంపు దాన్ని సెకనుకు 6 సెంటీమీటర్ల పైచిలుకు కదుపుతుంది. ఈ తేడా తెలియకే చాలామంది బాగున్న పంపును మార్చి డబ్బు పోగొట్టుకుంటారు.

జాకీ ఉత్తినే నెమ్మదిగా కదులుతుంటే ముందు ట్యాంకులో ఆయిలు మట్టం, తర్వాత ఆయిలు వడకట్టే జాలీ చూడాలి. ఆయిలు నురగ కడితే గాలి చేరింది, పాలలా తెల్లబడితే నీళ్లు కలిశాయి. పీల్చే గొట్టంలో చిల్లు ఉంటే ఆయిలు బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. అందుకే అది కంటికి దొరకదు. అతుకుల చుట్టూ గ్రీజు పూసి వినండి. పంపు అరుపు తగ్గితే దొంగ దొరికినట్టే.

చకచకా వెళ్లి మొద్దుకు తగలగానే ఆగిపోతే ఒత్తిడి చాలడం లేదన్నమాట. గేజి ముల్లు పైకి లేవకపోతే ఇంజను ఆపి, ఒత్తిడి మితిమీరకుండా చూసే రిలీఫ్ వాల్వు విప్పి డీజిలుతో కడగండి. చిన్న ఇసుక రేణువు అడ్డుపడినా అది మూసుకోదు. గేజి లేకుండా దాని స్క్రూ బిగించుకుంటూ పోవడం మాత్రం ప్రమాదం, గొట్టం పగలొచ్చు. అక్కడా లోపం లేకపోతే జాకీని పూర్తిగా చాపి, ఇంజను ఆపి, లీవరును అటూ ఇటూ కదిపి ఒత్తిడి వదిలించండి. రాడ్డు వైపు గొట్టం తీసి, ఆ గొట్టం మూతిని బిగించి, జాకీ రంధ్రాన్ని తెరిచే ఉంచండి. పక్కకు నిలబడి, ఇంజనును నెమ్మదిగా నడుపుతూ చాచే వైపే లీవరు నొక్కాలి. ఆ రంధ్రంలోంచి ఆయిలు ఆగకుండా వస్తుంటే పిస్టను సీలు పోయింది. ఇవన్నీ దాటాకే పంపు మీద చెయ్యి వెయ్యాలి. ఖర్చు లేని పరీక్ష ముందు, ఖర్చున్నది ఆఖర్న. షెడ్డులో కుర్రాళ్లు చూసి నేర్చుకునే ఈ వరసను ఐటీఐల్లోనూ ఇదే పద్ధతిలో చేయించి చూపించాలి.

ఒత్తిడి గొట్టంలో సన్నని చిల్లు కోసం వేలితో తడమొద్దు, అట్టముక్క అడ్డుపెట్టి చూడండి. చిల్లులోంచి చిమ్మే ఆయిలు ధార చర్మంలోకి దూరిపోతుంది. పైకి సూది గుచ్చినంత చుక్కే కనబడినా, నొప్పి లేకపోయినా, ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లి ఆయిలు లోపలికి పోయిందని డాక్టరుకు చెప్పండి.