పై కిటికీలో పూలకుండీ

ఈ వారం అరకులో ఒక కొత్త లాడ్జి ముందు బొంగు చికెన్ కోసం నిలబడి తలెత్తి చూశాను. ఆకలి చచ్చింది. రెండో అంతస్తులో, కొండలు బాగా కనబడాలని గ్రిల్ పెట్టని అద్దాల కిటికీలు. వాటి బయటి గట్ల మీద వరసగా జెరేనియం కుండీలు. కట్టు లేదు, అడ్డం లేదు. సరిగ్గా కింద పొయ్యి, దాని చుట్టూ సెల్ఫీల జనం. పైకెళ్లి అడిగితే యజమాని నవ్వేశాడు. "గాలికేటవుద్ది బాబూ? ఒక్కోటీ పది కేజీల పైనే."

నిజానికి ఆ మాటకు నేను పొంగిపోవాలి. మట్టిది తప్ప మరొకటి కుండీయే కాదని ఇక్కడ ఎన్నిసార్లు వాదించానో పాత పాఠకులకు తెలుసు. బరువే దాని బలమన్నది నా వాదనలో సగం.

కానీ అరకులో బరువు మాటెత్తితే నాకు హుద్‌హుద్ గుర్తొస్తుంది. 2014 అక్టోబరు 12, ఆదివారం. విశాఖ దగ్గర తీరం దాటిన తుపాను కొండలెక్కింది. దారులు బాగుపడ్డాక అనంతగిరి వైపు వెళ్తే, కాఫీకి నీడ కోసం పెంచిన సిల్వర్ ఓక్‌లు మిరియాల తీగలతో సహా ఒకదానిమీద ఒకటి పడున్నాయి. అంతెత్తు మాన్లు, నేలలో వేళ్లు, ఒక్కోటీ ఎన్ని క్వింటాళ్లో. కింద పొట్టిగా ఉన్న కాఫీ మొక్కల్ని చాలాచోట్ల గాలి ఏమీ చెయ్యలేదు, మీద పడ్డ చెట్టే నలిపేసింది. కొమ్మలు నరుకుతున్న రైతు పడినవాటిని కాక, ఖాళీ అయిన ఆకాశాన్ని చూస్తున్నాడు. నీడ మళ్లీ రావాలంటే ఏళ్లు.

గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగు రెట్లవుతుంది. కుండీ బరువు మాత్రం పెరగదు. పైన గుబురు మొక్క ఉంటే అది తెరచాపే. ఇరవై అడుగుల నుంచి జారిన కుండీ నేలకు చేరేసరికి గంటకు దాదాపు 40 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది.

అసలు గాలే అక్కర్లేదు. వాన నీరు లోపలికి రాకుండా మేస్త్రీ గట్టుకు బయటివైపు వాటం ఇస్తాడు. ఇక్కడి మంచుకి ఆ వాటం మీద పాచి. నేను రెండు వేళ్లతో పక్కకు నెడితే ఒక కుండీ జరిగిపోయింది. యజమాని నవ్వు ఆగింది.

పట్టు ఎలా ఇవ్వాలో చెప్పాను. కుండీ సగం ఎత్తున ముందువైపు అడ్డంగా ఇనుప పట్టీ. దాని ఫాస్టనర్లు రెండు పక్కల గోడలోకి దిగాలి, గట్టు కొసలోకి కాదు, అక్కడ పెళ్లలు లేస్తాయి. కుండీ అంచు కింద జీఐ తీగ చుట్టి గోడ కొక్కేనికి తగిలించాలి. బైండింగ్ వైరు వద్దు, ఈ తేమకి తుప్పు పట్టి తెగుతుంది. తుపాను కబురొస్తే ఏ తీగనూ నమ్మకుండా కుండీల్ని గదిలోకి తెచ్చెయ్యాలి.

"ఇయన్నీ ఎవడు మోస్తాడు బాబూ?" అన్నాడు.

అదీ ప్రశ్న. పది కేజీల కుండీని రూమ్ బాయ్ ఒకటి తెస్తాడు, రెండు తెస్తాడు, మిగతావి దేవుడి మీద వదిలేస్తాడు. కొబ్బరి పొట్టు కలిపిన తేలిక మట్టితో ప్లాస్టిక్ కుండీలైతే చేతికి రెండేసి పట్టుకొస్తాడు. పైన అవే పెట్టు, పట్టీ మాత్రం మానకు, మట్టివి దించి వరండాలో పెట్టుకో అని చెప్పి వచ్చాను. ప్లాస్టిక్ పక్షం పాఠకులు ఉత్తరాలు రాయడానికి కూర్చునే ఉంటారు. నేను మినహాయింపు ఇచ్చింది మేడ మీదకు మాత్రమే.