వెలుగు ఎవరి సొత్తు?

కరెంటు రాని కాలంలో రాత్రిపూట వెలుగుకు ఖరీదుండేది. నూనె కొనాలి, వత్తి చేయాలి, వెలిగించే నౌకరు ఉండాలి. జమీందారు మేడలో దీపాల వరసలు వెలిగే రాత్రి, పాలేరు ఇంట్లో పొద్దుగూకగానే చీకటే. పాతకాలపు కథను తెరకెక్కించే కెమెరామన్ ముందుగా పట్టుకోవాల్సింది ఈ లెక్కనే. నగలు, పట్టుబట్టలు చూసుకోవడానికి వేరే వాళ్లుంటారు. ఎవరి ముఖం మీద ఎంత వెలుగు పడాలి, ఎవరి కళ్లతో మనం ఆ గదిలో అడుగుపెట్టాలి అన్నది మాత్రం అతని పని. అంతస్తు తెలిసేది అక్కడే.

సత్యజిత్ రే ‘జల్సాఘర్’ (1958)లో ఈ లెక్కే కథకు ప్రాణం. ఛాయాగ్రహణం సుబ్రతా మిత్ర. విశ్వంభర్ రాయ్ చితికిపోయిన జమీందారు. పొరుగున మహిమ్ గంగూలీ కొత్తగా డబ్బు చేసినవాడు. మహిమ్ ఇంట్లో కరెంటు దీపాలు. రాయ్ సంగీతశాలలో కొవ్వొత్తుల షాండ్లియర్. రాయ్ తన ఏనుగును చూసుకుంటుంటే మహిమ్ లారీ దుమ్ము రేపుకుంటూ పోతుంది. ఏనుగు కనబడకుండా పోతుంది. ఒక వంశం పతనం గురించి అంతకన్నా చెప్పాల్సింది ఏముంది? మిగిలిన డబ్బంతా ఊడ్చి చివరి కచేరీ పెట్టించాక, తాగిన మత్తులో ఉన్న రాయ్ కళ్లముందు కొవ్వొత్తులు ఒక్కొక్కటే ఆరిపోతాయి. హడలిపోయి నౌకరు అనంతను కేకేస్తాడు. అనంత తెర తొలగిస్తే బయట తెల్లవారుతోంది. ఆ పగటి వెలుగు ఊరందరిదీ. దానివల్ల రాయ్‌కు పెరిగే గొప్పేమీ లేదు.

అదే మిత్ర అంతకు రెండేళ్ల ముందు ‘అపరాజితో’లో పేదింటికి వేరే వెలుగు ఇచ్చాడు. కాశీలోని ఇల్లు నిజానికి స్టూడియోలో వేసిన సెట్. ముంగిలి పైన తెల్లటి గుడ్డ కట్టి, దీపాల వెలుగును దానిమీదకు కొట్టి కిందకు జారవిడిచాడు. ఆకాశం నుంచి దిగినట్టుండే ఆ మెత్తని వెలుగే ఆ ఇంటికున్న ఆస్తి.

స్టాన్లీ కుబ్రిక్ ‘బారీ లిండన్’ (1975) 18వ శతాబ్దపు ఐరోపాలో హోదా కొనుక్కున్న బారీ కథ. నాసా కోసం జైస్ కంపెనీ చేసిన ఎఫ్ 0.7 లెన్సుతో కొన్ని దృశ్యాలను కొవ్వొత్తుల వెలుగులోనే తీశారు. ఆ లెన్సుతో నటులు కాస్త ముందుకు జరిగినా ఫోకస్ పోతుంది. అందుకని బిగుసుకుని కూర్చోవాల్సిందే. ఆ బిగువే దొరల మర్యాదగా తెరమీద కనిపిస్తుంది. ఛాయాగ్రాహకుడు జాన్ ఆల్కాట్‌కు ఆస్కార్ వచ్చింది. నన్ను కట్టిపడేసేది మాత్రం సంగీత సభలో బారీ సవతికొడుకు మీద పడి కొట్టే ఘట్టం. అంతవరకూ నింపాదిగా సాగిన కెమెరా అక్కడ చేతుల్లోకి వచ్చి ఊగిపోతుంది. గతంలో సైనికుల గుంపు మధ్య బారీ ముష్టియుద్ధం చేసినప్పుడూ ఇలాగే ఊగింది. కొనుక్కున్న హోదా అంతా ఆ ఊపులో రాలిపోతుంది.

మనదేశంలో చూపుకున్న హద్దును ‘సాహిబ్ బీబీ ఔర్ గులామ్’ (1962) అంత బాగా పట్టుకున్న సినిమా నాకు మరొకటి తెలియదు. పల్లెటూరి భూత్‌నాథ్‌ను హవేలీ కోడలు ఛోటీ బహూ పిలిపిస్తుంది. అతను తలొంచుకునే వస్తాడు. వి.కె.మూర్తి కెమెరా కూడా తలొంచుకుంటుంది. తివాచీ కనిపిస్తుంది, ఆమె పాదాలు కనిపిస్తాయి, గొంతు వినిపిస్తుంది. అతను తలెత్తే ధైర్యం చేసినప్పుడే మీనాకుమారి ముఖం మనకు దక్కుతుంది. అదే సినిమాలోని ముజ్రా పాటలో ప్రధాన నర్తకి మీద వెలుగుంటుంది, వెనక ఆడేవాళ్లు నీడలుగా మిగిలిపోతారు.

మూర్తి దగ్గర పని నేర్చిన గోవింద్ నిహలానీయే తర్వాత శ్యామ్ బెనెగల్ ‘అంకుర్’, ‘నిశాంత్’ల కోసం తెలంగాణ దొరతనాన్ని చిత్రించాడు.

ఇప్పటి చారిత్రక సినిమాల్లో కోటలోనూ గుడిసెలోనూ ఒకే బంగారు రంగు వెలుగు. ఆముదపు దీపం ఒక్కటే ఉన్న గుడిసెలో మూలమూలా ఎలా కనిపిస్తుంది? ఖర్చు పెరిగేకొద్దీ పేదరికం కూడా తళతళలాడటం నాకు బాధగా ఉంటుంది. అందుకు భిన్నంగా బి.నర్సింగరావు ‘దాసి’ (1988) నిజాం కాలపు దొర గడీలో దాసిగా బతికే ఆడబాప జీవితాన్ని చూపింది. ఆ ఒక్క సినిమాకే అర్చన నటనకు, ఎ.కె.బీర్ ఛాయాగ్రహణానికి, వైకుంఠం కళాదర్శకత్వానికి, సుదర్శన్ దుస్తులకు జాతీయ పురస్కారాలు వచ్చాయి. పాతకాలపు కథ తీయబోయే తెలుగు దర్శకులు తమ కెమెరామన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ముందు దీన్ని చూడాలి.