ఉప్పుగాలిలో కాంటెస్సా

శనివారం మా మేనల్లుడు ఓ అట్టపెట్టె నిండా కొత్త సామాన్లు తెచ్చి, పొద్దుగూకేలోపు అన్నీ బిగించేశాడు. ప్లగ్గులు, వాటి వైర్లు, కాయిలు, పెట్రోలు పంపు, ఫిల్టరు, రబ్బరు గొట్టాలు, బ్యాటరీ ఎర్త్ తీగ. సెల్ఫ్ కొడితే బండి ఒక్క పట్టున అందుకుంది. వాడు గాల్లో తేలాడు, నాకు ఒళ్లు మండింది. "ఇంతకీ తప్పు ఎందులో ఉందిరా?" అంటే, "పోయింది కదా మామయ్యా, ఎందులో ఉంటే ఏం?" అన్నాడు.

ఈ కాలమ్ పాత పాఠకులకు నా పంతం తెలుసు. గ్రైండరు ఆగిపోయినా, కుట్టుమిషను దారం తెంపుతున్నా నాది ఒకటే పాట: ఒక్కసారికి ఒక్కటే మార్చు, మార్చింది రాసిపెట్టు. పుదుచ్చేరిలో ఉంటూ రాసిపెట్టడం గురించి మాట్లాడితే ఆనందరంగ పిళ్లైని తలుచుకోకుండా ఎలా? 1736 నుంచి 1761లో పోయేదాకా ఏ ఓడ వచ్చింది, దొర ఏమన్నాడు, ఎవరు ఎంత బాకీ, అన్నీ దినచర్యలో ఎక్కించాడాయన. మన కస్తూరి రంగకవి ఆయన పేరు మీద తెలుగులో ఓ లక్షణ గ్రంథమే రాశాడు, అది వేరే కథ. ఫ్రెంచి గవర్నర్ డూప్లే కొలువులో దుబాసీగా ఊపిరాడని మనిషికి ఆ తీరిక చిక్కితే, బానెట్ ఎత్తేవాడికి రెండు ముక్కలు రాసుకునే తీరిక చిక్కదా? అందుకే మావాడు ఈ బండి కొన్ననాడే వాడి చేతిలో ఓ నోటుబుక్కు పెట్టాను.

బండి కాంటెస్సా. హిందుస్తాన్ మోటార్స్ వాళ్లు 1984లో మొదలుపెట్టి 2002లో ఆపేశారు. ఒళ్లు ఇంగ్లండు వాక్స్‌హాల్ నమూనాది, ఇంజను మొదట్లో అంబాసిడర్‌లో ఉండే 1,489 సీసీదే. అంత ఒంటిని లాగలేక అది ఆపసోపాలు పడేది. జపాన్ ఇసుజు వారి 1.8 లీటర్ల ఇంజను, అయిదు గేర్లు వచ్చాక గానీ బండికి కదలిక రాలేదు. మావాడిది ఆ రకం. వాడి పిచ్చి డ్రిఫ్టింగ్. జపాన్ కొండదారుల్లో కెయిచి త్సుచియా లాంటివాళ్లు వెనక చక్రాలను జారవిడిచి, బండిని పక్కవాటుగా మలుపు తిప్పే విద్య అది. అందులో పేరుమోసినవి పాత టొయోటా ఏఈ86, నిస్సాన్ సిల్వియా. తయారై మూడేళ్లు దాటిన వాడిన కార్లను మన దేశంలోకి మామూలుగా రానివ్వరు కనుక 1980ల నాటి ఏఈ86 మనకు వీడియోల్లోనే. ముందు ఇంజను, వెనక చక్రాలకు లాగుడు, పొడుగాటి బానెట్. మనకు దొరికేవాటిలో ఆ సుఖం కాస్తో కూస్తో ఇచ్చేది కాంటెస్సానే అంటాడు మావాడు. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద వేషాలు వెయ్యనని నాకు మాటిచ్చాడు. ఊరి బయట తెలిసినవాళ్ల ఖాళీ స్థలం ఉంది, అక్కడే.

ఇంజను రొద పెంచి, క్లచ్ ఒక్క తన్ను తన్ని వదిలితే వెనక చక్రాలు పట్టు తప్పుతాయి. ఆ తన్ను క్లచ్ ప్లేటు మొదలుకొని షాఫ్టు క్రాసులు, ఇంజను మౌంటింగు రబ్బర్లు, క్రౌన్ (డిఫరెన్షియల్) దాకా అన్నీ తింటాయి. అవి పోతే చప్పుడు చేసి పోతాయి కాబట్టి వాటితో పేచీ లేదు. అసలు పేచీ అరగంట జబ్బుతో. బండి అరగంట చక్కగా నడుస్తుంది, ఆగిపోతుంది. కాసేపు నీడన నిలబెడితే ఏమీ ఎరగనట్టు మళ్లీ నడుస్తుంది. కాయిలు లోపల వేడెక్కి నిప్పురవ్వ ఆగినా లక్షణం ఇదే. గొట్టంలో పెట్రోలు ఆవిరైపోయినా ఇదే. ట్యాంకు మూతకుండే సన్న బెజ్జం పూడుకుపోయి, లోపలికి గాలి దూరక, పెట్రోలు బయటికి రాకపోయినా ఇదే. పక్కవాటుగా జారేటప్పుడైతే కార్బొరేటర్ గిన్నెలో పెట్రోలు ఓ మూలకు ఒరిగిపోయి ఇంజను నోరెండి ఆగుతుంది, చూడ్డానికి అదీ ఇదే. ఒక్క లక్షణానికి నాలుగు కారణాలుంటే ఎవరినని నిలదీస్తాం?

నా పంతం నాకు అబ్బింది నెల్లితోపులో, వేపచెట్టు కింద ఓ రేకుల షెడ్డులో. మా నాన్నగారి అంబాసిడర్ అక్కడికే వెళ్లేది. ఆ మేస్త్రీ తమిళుడే అయినా కుర్రతనంలో నెల్లూరు లారీల మీద తిరిగి, మా ఇంట్లో వాళ్లకంటే పదునైన నెల్లూరు తెలుగు మాట్లాడేవాడు. బండి వస్తే బానెట్ ఎత్తేవాడు కాదు. ముందు బీడీ వెలిగించి విచారణ మొదలుపెట్టేవాడు. "ఎండలో నిలిచిందా, రాత్రి నిలిచిందా? పెట్రోలు ఎక్కడ పోయించారు? ఆగేముందు దగ్గిందా, చెప్పాపెట్టకుండా ఆరిపోయిందా?" ఆ ఆఖరి ప్రశ్నలో సగం వైద్యం ఉంది. దగ్గి, గునిసి, ఈడ్చుకుంటూ ఆగితే పెట్రోలు అందక ఆగినట్టు. స్విచ్చి ఆపినట్టు టక్కున పోతే కరెంటు వైపు చూడాలి. మా నాన్నగారు సరిగ్గా గుర్తు లేదంటే మేస్త్రీ మొహం చిట్లించి, "అయితే ఇంకోసారి ఆగనీండి, చూసి చెప్పండి" అని బండి తిప్పి పంపేసేవాడు. మేం కోప్పడితే టీ పోయించేవాడు.

ఎదురుగా ఆగితే ఆయన పరీక్షలు కానీ ఖర్చు లేనివి. ముందు ట్యాంకు మూత తిప్పేవాడు. ఉస్సుమని గాలి లోపలికి పీల్చుకుంటే బెజ్జం పూడుకున్నట్టే. పంపు మీద తడిగుడ్డ వేసేవాడు. చల్లబడగానే బండి అందుకుంటే ఆవిరి దెబ్బ. ఎండాకాలంలో అంబాసిడర్ డ్రైవర్లందరికీ తెలిసిన కిటుకే ఇది, అయితే వాళ్లు దాన్ని మందనుకునేవాళ్లు, ఈయనకది పరీక్ష. రెండూ కాకపోతే అప్పుడు డెల్కో (డిస్ట్రిబ్యూటర్) మూత విప్పి పాయింట్లు చూసేవాడు, కండెన్సర్ ఒక్కటి మార్చేవాడు. తీసిన పాతదాన్ని కాగితంలో చుట్టి జేబులో పెట్టుకునేవాడు. రెండు రోజులు తిప్పి చూసి తేడా లేదంటే పాతదే మళ్లీ బిగించి, కొత్తదాన్ని డబ్బాలో వేసేసి, పైసా అడిగేవాడు కాదు. ఇప్పటి సర్వీసు సెంటర్లలో నిర్దోషి అని తేలిన సామానుకు కూడా బిల్లు పడుతుంది. దీని మీద ఇదివరకే ఓ కాలమ్ తగలేశాను కాబట్టి ఇక్కడితో ఆపుతా.

శనివారం కోపంలో నోటుబుక్కు తీసి మొదటినుంచీ చదివాను. మూత బెజ్జం శుభ్రం చేశాం, కొంచెం నయం. కాయిలు మార్చాం, కొంచెం నయం, నాలుగు రోజులకు మళ్లీ మామూలే. పెట్రోలు గొట్టాన్ని సైలెన్సరుకు దూరంగా జరిపాం, కొంచెం నయం. ఎర్త్ బోల్టులు గీకాం, కొంచెం నయం. పేజీ తర్వాత పేజీ అదే మాట. "తేడా లేదు" అన్న మాట ఎక్కడా లేదు.

కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌ని నమిలి మింగిన తరం మాది. హంతకుడు ఒక్కడే ఉంటాడు, ఆఖర్న దొరుకుతాడు. ఈ బండిలో ఇంటిల్లిపాదీ తలో పోటూ పొడిచారు. ముత్యాలపేటలో సముద్రం పక్కనే బండి నిలబెడితే ఉప్పుగాలి ఊరుకుంటుందా? బ్యాటరీ బోల్టుల మీద పచ్చటి చిలుము మళ్లీ మళ్లీ పడుతుంది. సెల్ఫ్ తిరుగుతుండగా బ్యాటరీ నెగటివ్‌కీ ఇంజను బ్లాకుకీ మధ్య మీటరు పెడితే అర వోల్టు దాటకూడదు, మా బండిలో ముల్లు హాయిగా దాటింది. దానికి తోడు 2025 నాటికి బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. దాన్ని ఎరగని కాలపు రబ్బరు గొట్టాలు, పంపులో డయాఫ్రం మెత్తబడి ఉబ్బుతాయి. ట్యాంకు అడుగున ఏళ్లుగా పేరుకున్న మడ్డి కరిగి ఫిల్టరుకు అడ్డం పడుతుంది. ఇలా అరకొరగా చెడినవి నాలుగు కలిస్తే, ఒకదాన్ని బాగుచేసినప్పుడల్లా మిగతా మూడూ బండిని ఆపుతూనే ఉంటాయి. ఒక్కటే మార్చి చూడమనే పద్ధతి మిగతావన్నీ బాగున్నాయనే ధీమా మీద నడుస్తుంది. కాంటెస్సాల్లో కడసారిది కూడా 20 ఏళ్లు దాటింది. ఇందులో దేని మీద ధీమా?

మరి మేస్త్రీకి ఎలా సాగింది? ఆయన దగ్గరికి వచ్చేవి ఎక్కువగా టాక్సీలు, ఆర్టీవో దగ్గర ఎఫ్‌సీకి, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు, వెళ్లాల్సిన బండ్లు. ఎఫ్‌సీ వారం వచ్చిందంటే మేస్త్రీ ఏ ప్రశ్నా వేసేవాడు కాదు. గొట్టాలు, బెల్టు, పాయింట్లు, బ్రేకు రబ్బర్లు, అన్నీ కొత్తవే. ఎందుకు మార్చావని అడిగిన ఓనరును తిట్టేవాడు. మిగతా సంవత్సరమంతా ఆయన చూపిన డిటెక్టివ్ విద్య ఆ వారం పునాది మీదే నిలబడింది. మావాడు శనివారం చేసింది ఎఫ్‌సీ పని. చేస్తున్నదేమిటో వాడికి తెలియకపోవచ్చు, చెయ్యాల్సింది మాత్రం అదే.

రెండు షరతులు పెట్టాను. తీసిన పాత సామాను పారెయ్యకూడదు. చెన్నై పుదుపేటలో, జీపీ రోడ్డులో వెతికి తెచ్చిన పెట్టెల్లో కొత్త రంగు పూసిన పాతవీ ఉంటాయి, కొన్ననాడే చచ్చిన కాయిలూ ఉంటుంది. ఇసుజు ఇంజనే అంబాసిడర్ 1800 ఐఎస్‌జడ్‌లోనూ వచ్చింది గనుక సామాన్లు దొరకవని కాదు, దొరికినదాన్ని నమ్మకూడదు. రెండోది, నోటుబుక్కులో గీత గీసి శనివారం నుంచి కొత్త లెక్క. ఇకనుంచి మాత్రం ఒక్కసారికి ఒక్కటే. వాడు రెంటికీ తలూపాడు.

అంత సులువుగా తలూపితే వెనక ఏదో ఉందని అర్థం. క్రౌన్ వెల్డింగ్ కావాలట. డ్రిఫ్టు చెయ్యాలంటే వెనక చక్రాలు రెండూ కలిసి తిరగాలి, మామూలు క్రౌన్‌లో భారం తగ్గిన చక్రం ఒక్కటే గిర్రున తిరిగి ఊరుకుంటుంది, లోపలి పళ్లను వెల్డింగ్ చేసేస్తే ఆ బాధ ఉండదు, ఖర్చూ తక్కువ. నిజమే. కానీ అలా చేస్తే నెమ్మదిగా తిప్పే ప్రతి మలుపులోనూ లోపలి టైరు నేలను గీరుకుంటూ పోతుంది. మన ఊరి పాత వీధులా, స్కేలు పెట్టి గీసినట్టుంటాయి, ఎటు తిరిగినా నిలువునా మూలమలుపే. ఇంటినుంచి గాంధీ వీధి సండే మార్కెట్టుకు వెళ్లొచ్చేసరికి టైర్లు అరిగిపోతాయిరా అన్నాను. మార్కెట్టుకు స్కూటీ మీద వెళ్దాంలే మామయ్యా అన్నాడు. లేత్ షెడ్డులో రేటు కూడా మాట్లాడేశాడట.