కైఫీయత్ లేని జిల్లాలు

కెనడాలోని గుయెల్ఫ్ విశ్వవిద్యాలయంలో స్కాట్లాండ్ చరిత్ర కోసమే ఒక అధ్యయన కేంద్రం ఉంది. తమ వాళ్లు ఏయే దేశాలకు పోయారు, అక్కడ ఏం చేశారు అని స్కాట్లు శ్రద్ధగా వెతుక్కుంటారు. అలా మన దేశానికి వచ్చిన కాలిన్ మెకంజీ పుట్టింది లూయిస్ దీవిలోని స్టోర్నోవేలో. 2017లో అక్కడ ఆయన సేకరణలతో ప్రదర్శన పెట్టారు. మన దేశపు బొమ్మలు, పటాలు ఆ చిన్న పట్నంలో జనం చూశారు. ఆ పట్టుదల నాకు నచ్చుతుంది. అయితే మెకంజీ పేరు వింటే నాకు ముందు మెదిలేది ఏలూరు నుంచి వచ్చిన కావలి బొర్రయ్య.

1796లో బొర్రయ్య మెకంజీ దగ్గర కొలువులో చేరాడు. ఆ రోజుల్లో మెకంజీ నిజాం రాజ్యపు పటాలు గీసే పనిలో ఉన్నాడు. శాసనాల లిపిని బొర్రయ్య విప్పాడు, ఊళ్లలో మనుషుల్ని మాట్లాడించాడు. 1803లో, ఇంకా ముప్పై రాకుండానే, చనిపోయాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ పనిని తలకెత్తుకున్నాడు. ఊరు ఎవరు కట్టారు, చెరువు ఎవరు తవ్వించారు, ఏ దేవుడికి ఏ ఇనాం, శాసనం ఎక్కడుంది అని అడిగి రాయించిన కాగితాలే కైఫీయత్తులు. ఈస్టిండియా కంపెనీకి కావలసింది భూమీ, పన్నూ. ఈ మనుషులు దానికి మించి పోగుచేశారు. 1815లో మెకంజీ భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1821లో ఆయన పోయాక భార్య దగ్గర కంపెనీ ఆ సేకరణను లక్ష రూపాయలకు కొన్నది. 1816లో థామస్ హికీ గీసిన చిత్రంలో ఎర్రకోటు మెకంజీ వెంట ముగ్గురు దేశీయులున్నారు. వారిలో ఎవరు ఎవరన్నది పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. అలాంటి వాళ్ల నడకా, ఓపికా లేకపోతే మెకంజీ సేకరణ లేదు.

కడప, గుంటూరు వైపు ఊరూరికీ కైఫీయత్ దొరుకుతుంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి నిజాం ఏలుబడిలో ఉండిపోయాయి కాబట్టి మనకు ఆ సంపద అంతగా దక్కలేదు. లక్ష్మణరాయ పరిశోధక మండలి వాళ్లు 1935లో తెలంగాణా శాసనాలు అచ్చువేసి పెద్ద మేలు చేశారు. కానీ శాసనం రాజు మాట. ఊరి మాట వేరు.

భూపాలపల్లి అంచున మరో స్కాట్ జాడ ఉంది, అదీ రాళ్లలోనే. కాళేశ్వరానికి ఎదురుగా, గోదావరి అవతల సిరొంచ. దానికి పైన ప్రాణహిత ఒడ్డున కోట అనే ఊరి రాళ్లలో చేపల శిలాజాలు దొరికాయి. నాగపూర్‌లో ఉన్న మతప్రచారకుడు స్టీఫెన్ హిస్లాప్ వాటి గురించి రాశాడు. 1863లో, పాతకాలపు రాతి వలయాలు చూసి తిరిగి వస్తూ, వాగు దాటబోయి మునిగిపోయాడు.

ఊరి మాట కోసం నేను పిల్లలతో ఊళ్లకు పోయేటప్పుడు చెప్పేది ఒకటే: తేదీ అడగొద్దు. ఏ సంవత్సరమంటే ముసలాయన ముఖం తిప్పుకుంటాడు. కడవెండి చుట్టుపక్కల అయితే, రైతుల పోరాటంలో దొడ్డి కొమురయ్యను చంపకముందా, తర్వాతా అని అడగాలి. అది 1946 జూలై. అక్కడినుంచి మాట ముందుకూ వెనక్కూ నడుస్తుంది: గడి, వెట్టి, తెగిన చెరువు. కురవిలో పదో శతాబ్దపు తెలుగు శాసనం ఉంది. దాన్ని చదివాక గుడి పక్కనున్న కుటుంబాలను జాతర గురించి అడగాలి. ఖిలాషాపూర్ కోటలో సర్వాయి పాపన్న కథ ఎవరి నోట ఎలా ఉంటే అలాగే రాయాలి, సరిదిద్దొద్దు. తండాల్లో వంశాలు పాడే ఢాడీలు ఉంటే వాళ్ల ముందు రికార్డర్ పెట్టేకంటే ముందు కూర్చోవాలి. విన్నది చదివి వినిపించాక, కాదంటే కొట్టేయాలి. మెకంజీ కాలంలో ఇది జరిగిందో లేదో కానీ ఇప్పుడు మాత్రం జరిగి తీరాలి.

కాకతీయ విశ్వవిద్యాలయం చరిత్ర విభాగం తన విద్యార్థులకు తలా ఒక ఊరు అప్పగించాలని నా కోరిక. ప్రాజెక్టు పేరుతో పుస్తకాల్లోంచి ఎత్తిరాసే బదులు, ఊరి కైఫీయత్ రాయాలి. ఒక ప్రతి విశ్వవిద్యాలయంలో, ఒక ప్రతి గ్రామపంచాయతీలో ఉండాలి. చెప్పినవాళ్ల పేర్లు, వాళ్లు ఒప్పుకుంటే, మొదటి పేజీలోనే రాయాలి.